ఊపిరి, భంగిమ, గుండె లయ: ఇంట్లోనే కొలిచి చూసుకునే పద్ధతి

కుర్చీలో కుదురుగా కూర్చోండి. ఎడమ చేతిని ఒళ్లో వెల్లకిలా పెట్టి, కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మణికట్టు మీద, బొటనవేలి మొదలుకు కాస్త కిందుగా ఆనించండి. బొటనవేలితో నాడి చూడకండి, దానికీ సొంత నాడి ఉంటుంది. దెబ్బ దొరికాక ఒక నిమిషం ఏమీ లెక్కపెట్టకుండా ఊరికే గమనించండి. ఇప్పుడు ముక్కుతో నాలుగైదు సెకన్లపాటు నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటే కాస్త ఎక్కువసేపు వదలండి. పీలుస్తున్నప్పుడు దెబ్బలు దగ్గరదగ్గరగా పడతాయి. వదులుతున్నప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఊపిరి చివరికి వచ్చేసరికి తర్వాతి దెబ్బ కోసం వేలు ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

పాతికేళ్ల వయసువారిలో ఇది చాలా స్పష్టంగా తెలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది కాబట్టి అరవై దాటినవారికి వేలికి అందకపోవచ్చు. అందకపోతే కంగారు పడనక్కర్లేదు, యంత్రానికి అందుతుంది.

ఈ హెచ్చుతగ్గులనే డాక్టర్లు, చేతి గడియారాలు తయారుచేసే కంపెనీలు హెచ్‌ఆర్‌వీ (హార్ట్ రేట్ వేరియబిలిటీ) అంటున్నారు. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె సరిగ్గా సెకనుకు ఒకసారి కొట్టుకోదు. ఒక ఎడం 940 మిల్లీసెకన్లు ఉంటే తర్వాతిది 1010, ఆ తర్వాతిది 1080 ఉంటుంది. ఇప్పుడు చాలామంది పొద్దున్నే గడియారం చూసుకుని, నిన్న 48 ఉన్న అంకె ఇవాళ 31 అయిందని దిగులుపడుతున్నారు. నన్ను ఇది రాయడానికి పురికొల్పింది ఆ దిగులే. ఆ అంకె తీసినప్పుడు పడుకుని ఉన్నారా, కూర్చుని ఉన్నారా? ఊపిరి ఎంత వేగంగా నడుస్తోంది? ఈ రెండూ తెలియకుండా 31 అన్నా 48 అన్నా అర్థం సగమే. ఆ రెండింటి ప్రభావాన్ని విడివిడిగా పట్టుకునే పద్ధతి ఇది. దాదాపు రెండు వారాలు, రోజుకు ఇరవై నిమిషాలు పడుతుంది.

ముందు లోపల జరిగేది తెలుసుకోవాలి

గుండె కుడివైపు పై గది గోడలో సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం ఉంటుంది. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ దాన్ని గుర్తించారు. గుండె లయను నడిపేది అదే. నరాల ప్రమేయం ఏమీ లేకుండా దాని మానాన దాన్ని వదిలేస్తే యువకుల్లో నిమిషానికి దాదాపు వంద దెబ్బలు పడతాయి. గుండె మార్పిడి చేయించుకున్నవారిని చూస్తే ఇది తెలుస్తుంది. కొత్త గుండెకు పాత నరాలు తెగిపోయి ఉంటాయి కాబట్టి, వారు విశ్రాంతిగా ఉన్నా నాడి తొంభై, వంద దగ్గర ఉంటుంది, ఊపిరితో పాటు ఊగడం కూడా దాదాపు కనిపించదు.

మనలో ఆ వందను డెబ్బైకో అరవైకో దించేది వేగస్ నరం. పేరు వింటే తెలుగువారికి వేగం గుర్తొస్తుంది కానీ దాని పని సరిగ్గా తలకిందులు, అది గుండెకు కళ్లెం. లాటిన్‌లో ఆ మాటకు తిరుగాడేది అని అర్థం. మెదడు కాండం నుంచి బయల్దేరి మెడ, ఛాతీ, పొట్ట దాకా తిరుగుతుంది కనుక ఆ పేరు పెట్టారు. గాలి పీల్చేటప్పుడు మెదడు కాండం ఈ కళ్లేన్ని క్షణకాలం వదులు చేస్తుంది, గుండె వేగం పుంజుకుంటుంది. వదిలేటప్పుడు మళ్లీ బిగిస్తుంది. కార్ల్ లుడ్విగ్ 1847లోనే ఈ ఊగిసలాటను కుక్క మీద చేసిన ప్రయోగంలో గీతలుగా నమోదు చేశాడు. వైద్యపుస్తకాల్లో దాని పేరు రెస్పిరేటరీ సైనస్ అరిథ్మియా. అరిథ్మియా అన్నంత మాత్రాన జబ్బు అనుకోకండి, ఆరోగ్యవంతుల గుండె ఇలాగే ఉంటుంది.

గుండెను వేగిరపరిచే సింపథెటిక్ నరాలు వేరే ఉన్నాయి. అవి మందకొడివి. వాటి ప్రభావం మొదలవడానికే కొన్ని సెకన్లు, పూర్తిగా కనబడటానికి ఇరవై సెకన్ల వరకు పడుతుంది. వేగస్ అయితే ఒకటి రెండు దెబ్బల్లోనే పని చూపిస్తుంది. అందుకే ఒక్కో ఊపిరి వెంట మారే వేగం వెనక ఉన్నది ప్రధానంగా వేగస్సే.

దీనికి తోడు రక్తపోటు పని ఒకటి జరుగుతూ ఉంటుంది. మెడలోని కెరోటిడ్ ధమని దగ్గర, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపులో రక్తపోటును పసిగట్టే గ్రాహకాలు ఉన్నాయి. పోటు పెరిగితే గుండెను నెమ్మది చేయమని, తగ్గితే వేగం పెంచమని కబురు పంపుతాయి. కబురు వెళ్లి, గుండె మారి, ఆ మార్పు తిరిగి రక్తపోటులో కనబడటానికి సుమారు ఐదు సెకన్లు పడుతుంది. పోటు పెరిగినప్పుడు ఒక ఐదు, తగ్గినప్పుడు ఒక ఐదు, అంటే ఒక పూర్తి చుట్టు పది సెకన్లు. అట్లతద్దినాడు చింతకొమ్మకు కట్టిన ఉయ్యాలను గుర్తు చేసుకోండి. అది తిరిగి వచ్చే సమయానికి సరిగ్గా నెడితే చిన్న తోపుకే ఆకాశానికి లేస్తుంది, వేళ తప్పి నెడితే ఆగిపోతుంది. మన ఊపిరి కూడా పది సెకన్లకు ఒకటి చొప్పున, అంటే నిమిషానికి ఆరు చొప్పున నడిస్తే ఆ ఉయ్యాల వేళకు సరిపోతుంది. గుండె వేగం ఊగిసలాట అన్నిటికంటే పెద్దదయ్యేది అక్కడే.

ఇక భంగిమ. పడుకున్న మనిషి లేచి నిలబడగానే అరలీటరు, ఒక్కోసారి అంతకు మించిన రక్తం కాళ్లలోకి, పొట్ట కింది భాగంలోకి జారుతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి పోటు పడబోతుంది. గ్రాహకాలు వెంటనే వేగస్ కళ్లెం వదిలిస్తాయి, సింపథెటిక్ నరాలు రక్తనాళాలను బిగిస్తాయి. మనం నిలబడి ఉన్నంతసేపూ ఈ ఏర్పాటు కొనసాగుతూనే ఉంటుంది.

మొదటి మెట్టు: దేనితో కొలవాలి

ఊగిసలాట ఉందో లేదో చూడటానికి రెండు వేళ్లు చాలు. అంకెలు కావాలంటే ఛాతీకి కట్టుకునే పట్టీ మంచిది. అది ఈసీజీ లాగే గుండె విద్యుత్తును పట్టుకుంటుంది. చర్మానికి తగిలే భాగాన్ని నీళ్లతో తడిపి కట్టుకోండి, పొడిగా కడితే అంకెలు తప్పులతడక అవుతాయి. ఫోనులో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడాన్ని మిల్లీసెకన్లలో చూపించే యాప్ ఒకటి పెట్టుకోండి.

చేతి గడియారం, వేలికి తగిలించే ఉంగరం పట్టుకునేది వేరు. అవి చర్మం కింద రక్తం పొంగును వెలుతురుతో చూస్తాయి. గుండె నుంచి మణికట్టు దాకా పొంగు రావడానికి పట్టే సమయం కూడా భంగిమతో, ఊపిరితో మారుతుంది. కదలకుండా పడుకున్నప్పుడు ఆ తేడా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. నిలబడి కొలిచేటప్పుడు మాత్రం గడియారాన్ని నేను నమ్మను.

యాప్‌లో ఎక్కువగా కనిపించే అంకె ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ. ఒక్కసారి చేత్తో లెక్క కట్టి చూస్తే అది ఏమిటో ఇక మరిచిపోరు. వరుసగా నాలుగు ఎడాలు 900, 950, 1000, 940 అనుకుందాం. పక్కపక్క వాటి తేడాలు 50, 50, 60. వాటి వర్గాలు 2500, 2500, 3600. మొత్తం 8600, మూడుతో భాగిస్తే సుమారు 2867. దాని వర్గమూలం 53.5. అంతే. ఒక దెబ్బకూ దాని పక్క దెబ్బకూ సగటున ఎంత తేడా ఉందో చెప్పే లెక్క ఇది. ఇప్పుడు పట్టీ జారి ఒక దెబ్బ నమోదు కాలేదనుకోండి, 950 ఉండాల్సిన చోట 1900 పడుతుంది. ఆ ఒక్క తప్పు వర్గమై మొత్తం అంకెను ఎక్కడికో తీసుకుపోతుంది. అందుకే యాప్ చూపించే ఎడాల గీత చూడకుండా అంకె రాసుకోకండి. అడ్డదిడ్డంగా ముళ్లలాంటి గీతలు కనిపిస్తే ఆ కొలతను తీసేయండి.

రెండో మెట్టు: మొదటి అయిదు రోజులు ఏమీ మార్చకండి

పొద్దున లేచి, మూత్రానికి వెళ్లి వచ్చి, కాఫీ తాగకముందే కొలవండి. మూత్రం ఆపుకుని పడుకుంటే రక్తపోటు పెరుగుతుంది, అది గుండె లయలో కనిపిస్తుంది. గది మరీ వేడిగానో చల్లగానో ఉండకూడదు. వెల్లకిలా పడుకుని అయిదు నిమిషాలు ఊరికే ఉండి, ఆ తర్వాత అయిదు నిమిషాలు నమోదు చేయండి. 1996లో యూరప్, ఉత్తర అమెరికా గుండె వైద్య సంఘాలు కలిసి ఈ కొలతలకు ప్రమాణాలు రూపొందించినప్పుడు, తక్కువ వ్యవధి నమోదుకు అయిదు నిమిషాలనే ఖాయం చేశాయి.

ఈ అయిదు రోజులూ ఊపిరిని మామూలుగా వదిలేయండి. ఎన్నిసార్లు పీలుస్తున్నారో మాత్రం లెక్క కావాలి. మనమే లెక్కపెట్టుకుంటే ఊపిరి తీరు మారిపోతుంది కాబట్టి, ఇంట్లో ఎవరినైనా పొట్ట లేచి పడటం చూసి ఒక నిమిషం లెక్కపెట్టమనండి. పెద్దవారిలో సాధారణంగా 12 నుంచి 20 మధ్య వస్తుంది. మాట్లాడటం, గుటకలు మింగడం, దగ్గడం అన్నీ గీతను చెదరగొడతాయి.

అయిదు రోజుల అంకెలూ ఒకేలా ఉండవు. ఎంత పరిధిలో మారుతున్నాయో అదే మీ సొంత కొలబద్ద. పక్కింటివారి అంకెతో పోల్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే వయసు, వంశం, వ్యాయామం, మందులు అన్నీ దాన్ని మారుస్తాయి.

మూడో మెట్టు: పడక, కూర్చోవడం, నిలబడటం

ఆరో రోజు నుంచి మూడు రోజులు ఇది చేయండి. పడుకుని అయిదు నిమిషాలు, కూర్చుని అయిదు నిమిషాలు, నిలబడి అయిదు నిమిషాలు. భంగిమ మారిన ప్రతిసారీ మొదటి నిమిషం అంకెల్లో కలపకండి, కుదురుకోవడానికి వదిలేయండి. నిలబడేటప్పుడు గోడ దగ్గర, చేతికి అందేంత దూరంలో కుర్చీ పెట్టుకుని నిలబడండి. తల తిరిగితే వెంటనే కూర్చోవాలి.

కూర్చోగానే నాడి కొంత పెరుగుతుంది. నిలబడితే పడుకున్నప్పటి కంటే పది నుంచి ఇరవై దెబ్బలు పెరగడం మామూలే. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ దిగుతుంది, సగమైనా ఆశ్చర్యపడనక్కర్లేదు. మంచం మీద 48, వంటింట్లో నిలబడి 22 వస్తే మీ ఆరోగ్యం ఆ పది అడుగుల్లో పాడైపోలేదు. కళ్లెం వదులైంది, అది వదులు కావాల్సిందే. నిలబడినా గుండె వేగం కదలకపోతే డాక్టరుకు చూపించాలి.

వ్యాయామం బాగా చేసేవారిలో ఒక చిత్రం కనబడుతుంది. పడుకున్నప్పుడు నాడి 45 దగ్గరికి దిగి, ఊగిసలాట తక్కువగా ఉండి, లేచి కూర్చుంటే పెరుగుతుంది. కళ్లెం అప్పటికే పూర్తిగా బిగిసి ఉన్నప్పుడు ఊపిరితో వదులయ్యే చోటు తగ్గడం దీనికి కారణం. అలాంటివారు పడుకుని కాకుండా కూర్చుని రోజువారీ కొలత తీసుకోవడం మేలు.

నిలబడిన మొదటి అర నిమిషాన్ని విడిగా చూడండి, అంకెల్లో కలపకపోయినా ఆ గీత చాలా విషయం చెబుతుంది. ఆరోగ్యవంతుల్లో లేచిన వెంటనే వేగం దూసుకెళ్లి పదిహేనో దెబ్బ ప్రాంతంలో శిఖరానికి చేరుతుంది, ముప్పయ్యో దెబ్బ ప్రాంతానికి కాస్త నెమ్మదిస్తుంది. ఎడిన్‌బరోలో డేవిడ్ ఎవింగ్, ఆయన సహచరులు మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో తెలుసుకోవడానికి ఈ రెండు చోట్ల ఎడాల నిష్పత్తినే వాడారు. ముప్పయ్యో దెబ్బ దగ్గరి పెద్ద ఎడాన్ని పదిహేనో దెబ్బ దగ్గరి చిన్న ఎడంతో భాగిస్తే 1.04 లేదా అంతకు మించి రావాలి. 1.00 లేదా అంతకు తక్కువ అయితే అది అసాధారణం కిందికి వస్తుంది. షుగరు పదేళ్ల నుంచి ఉన్నవారి ఇంట్లో ఈ గీత ఒక్కసారైనా తీసి చూడాలని నా కోరిక. కాళ్లలో తిమ్మిర్లు అందరికీ తెలుస్తాయి, గుండె నరాలు మొద్దుబారడం మాత్రం చాలాకాలం తెలియదు.

ఇంట్లో రక్తపోటు యంత్రం ఉంటే పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల లోపల రెండుసార్లు కొలవండి. పడుకున్నప్పటి కంటే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. పోటు పడకుండానే నిలబడిన పది నిమిషాల్లో నాడి 30కి మించి పెరిగి, తల తిరగడం, నీరసం నెలల తరబడి ఉంటే అది వేరే సమస్య. రెండూ డాక్టరు చూడాల్సినవే.

నాలుగో మెట్టు: కూర్చునే తీరు

కూర్చోవడం అంటే ఒక్కటే కాదు. కుర్చీలో కాళ్లు వేలాడేసి కూర్చుంటే పిక్కల్లో రక్తం నిలుస్తుంది. నేల మీద బాసింపట్టు వేసుకుంటే కాళ్లు గుండెకు మరీ దిగువన ఉండవు కనుక అంతగా నిలవదు. పాదాలు నేలకు ఆనించి, వీపు ఆనుకుని, కాలు మీద కాలు వేసుకోకుండా కూర్చుంటే పోల్చుకోవడానికి బాగుంటుంది. కాలు మీద కాలు వేసుకుంటే రక్తపోటే మారుతుంది, అందుకే బీపీ చూసేటప్పుడు నర్సులు కాళ్లు దించమంటారు.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. ఫోను ఒళ్లో పెట్టుకుని చూస్తున్నట్టు నడుము కుంగదీసి, భుజాలు ముందుకు ముడుచుకుని కూర్చోండి. ఒక చెయ్యి బొడ్డుకు పైన, ఇంకో చెయ్యి ఛాతీ మీద పెట్టి ఊపిరి పీల్చండి. పొట్ట మీది చెయ్యి కదలదు, ఛాతీ మీది చెయ్యే లేస్తుంది. ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఊపిరి కండరం) కిందికి దిగడానికి చోటు లేక ఊపిరి పైపైన, గబగబా నడుస్తోందన్నమాట. అలాగే నడుము నిటారుగా పెట్టి మళ్లీ పీల్చండి. కింది చెయ్యి ముందు లేస్తుంది. వంగి కూర్చోవడం గుండె లయను మార్చే ప్రధాన మార్గం ఇదే, ఊపిరిని కుదించి దాని ద్వారా మారుస్తుంది. అయితే మిలిటరీ కవాతులా బిగుసుకుపోవడం కూడా సరికాదు, వీపు కండరాలు అలిసిపోతాయి.

గొంతుక్కూర్చోవడం మాత్రం వేరే కథ. తొడలు, పిక్కల్లోని రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తం పైకి వస్తుంది, పోటు పెరుగుతుంది, గుండె నెమ్మదిస్తుంది. అక్కడి నుంచి చటుక్కున లేస్తే పోటు అంతే చటుక్కున పడుతుంది. దొడ్డిలో అంట్లు తోమి లేచేటప్పుడు, నేల మీది మరుగుదొడ్డి నుంచి లేచేటప్పుడు పెద్దవాళ్లు తూలిపడటానికి ఇదొక కారణం. ఈ ప్రయోగం వయసు మళ్లినవారితో చేయించకండి.

అయిదో మెట్టు: ఊపిరి

భంగిమను ఒకచోట కట్టేయండి. నడుము నిటారుగా కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి. మొదటి రోజు మూడు నిమిషాలు మామూలు ఊపిరి, మూడు నిమిషాలు నిమిషానికి పది ఊపిరులు, మూడు నిమిషాలు నిమిషానికి ఆరు. మధ్యలో రెండేసి నిమిషాల విశ్రాంతి. పదికి మూడు సెకన్లు పూరకం (పీల్చడం), మూడు సెకన్లు రేచకం (వదలడం). ఆరుకు నాలుగు సెకన్లు పూరకం, ఆరు సెకన్లు రేచకం. కుంభకం వద్దు. ఊపిరి బిగబడితే ఛాతీలో ఒత్తిడి మారి లెక్క కలగాపులగం అవుతుంది, అది వేరే పరీక్ష.

నెమ్మదిగా పీల్చమంటే చాలామంది చేసే పొరపాటు లోతుగా కూడా పీల్చడం. నిమిషానికి పన్నెండుసార్లు, సారికి అరలీటరు చొప్పున పీల్చే మనిషికి నిమిషానికి ఆరు లీటర్ల గాలి సరిపోతోంది. ఆరుసార్లు అయితే సారికి ఒక లీటరు చాలు. మూడేసి లీటర్లు లాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తేలిపోతున్నట్టు ఉంటుంది, మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో చిమచిమలు వస్తాయి. అవి సాధనలో పురోగతికి గుర్తులు కావు, గాలి ఎక్కువైందనడానికి గుర్తులు. అలా అనిపిస్తే ఆపి, మామూలుగా ఊపిరి తీసుకోండి. పక్కన ఉన్నవారికి మీ ఊపిరి చప్పుడు వినబడకూడదు, అంత మెత్తగా ఉండాలి.

గీత చూస్తే మామూలు ఊపిరిలో రంపపు పళ్లలా చిన్నచిన్నగా ఉన్నది ఆరు దగ్గరికి వచ్చేసరికి నున్నటి అలలుగా మారుతుంది. అందరికీ సరిగ్గా ఆరే కాదు. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఎక్కడో ఒకచోట అల పెద్దదవుతుంది, పొడుగు మనుషుల్లో ఆ వేగం కాస్త తక్కువగా ఉంటుంది. తర్వాతి రెండు రోజులు ఆరున్నర, ఆరు, అయిదున్నర, అయిదు చొప్పున ఒక్కోటి మూడేసి నిమిషాలు చేసి చూడండి. ఎక్కడ అల ఎత్తు ఎక్కువగా ఉండి, శరీరానికి కూడా హాయిగా ఉందో అది మీ వేగం. రెండు వేగాల్లో అల సమానంగా ఉంటే హాయిగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

సెకన్లు లెక్కపెట్టడం కొందరికి చిరాకు. మా పెద్దమ్మకు డెబ్బై రెండేళ్లు, పట్టీ కట్టి ఊపిరి లెక్కపెట్టమంటే అయిదు నిమిషాల్లో విసిగిపోయింది. "ఇదంతా నావల్ల కాదు గానీ, పారాయణ వేళ అయింది, కట్టి ఉంచితే ఉంచు నాయనా" అని విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది. శ్లోకానికి ఒక్కసారి ఊపిరి తీసుకునే అలవాటు ఆమెది. ఫోనులో గీత చూస్తూ కూర్చున్నాను. అంతవరకు గీతలా సన్నగా ఉన్నది మూడో శ్లోకం నుంచి అల కట్టింది, ఆ వయసులో చిన్న అలే, కానీ శ్లోకానికి ఒకటి చొప్పున తప్పకుండా వచ్చింది. అనుష్టుప్ శ్లోకం నిదానంగా చదివితే పది, పన్నెండు సెకన్లు పడుతుంది, అంటే నిమిషానికి అయిదారు ఊపిరులు. లూచియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే విషయం ఉంది. లాటిన్‌లో మేరీమాత జపమాల ప్రార్థన చదివినా, ఓం మణి పద్మే హుం అని జపించినా, ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి దిగి గుండె లయలో పెద్ద అలలు లేచాయి, రక్తపోటు గ్రాహకాల స్పందన చురుకైంది. అందుకని సెకన్ల లెక్క నచ్చనివారు తమకు నోటికి వచ్చిన పద్యమో, కీర్తనో తీసుకుని, ఒక్కో పాదానికి ఎంత సమయం పడుతుందో గడియారంతో చూసుకుని ఊపిరిని దానికి కట్టుకోవచ్చు. పైకి చదివితే రేచకం దానంతటదే పొడుగవుతుంది.

రేచకం పూరకం కంటే పొడుగ్గా ఉండి తీరాలా? నాలుగు-ఆరు నాకు హాయిగా ఉంటుంది, అయిదు-అయిదు కూడా బాగానే పనిచేస్తుంది. నిమిషానికి ఎన్ని అన్నదే ముఖ్యం, ఈ పంపకం మీ సౌకర్యం.

ఆరో మెట్టు: రెండింటినీ కలిపి చూడటం

చివరి మూడు రోజులు నాలుగు కొలతలు తీయండి. కూర్చుని మామూలు ఊపిరి, కూర్చుని నెమ్మది ఊపిరి, నిలబడి మామూలు ఊపిరి, నిలబడి నెమ్మది ఊపిరి. ఒక్కోటి మూడు నిమిషాలు చాలు. ప్రతిదానికీ సగటు నాడి, అల ఎత్తు రెండూ రాయండి. అల ఎత్తు అంటే ఒక్కో ఊపిరిలో అత్యధిక వేగం నుంచి అత్యల్ప వేగం తీసివేస్తే వచ్చేది.

ఈ నాలుగు గడులు నింపాక విషయం కళ్లకు కడుతుంది. నిలబడి నెమ్మదిగా ఊపిరి తీస్తే అలలు మళ్లీ లేస్తాయి, కానీ సగటు నాడి మాత్రం దాదాపు నిలబడినప్పటి దగ్గరే ఉంటుంది. కూర్చుని నెమ్మదిగా తీసినా సగటు పెద్దగా దిగదు. సగటు మట్టాన్ని ప్రధానంగా భంగిమ నిర్ణయిస్తోంది, ఆ మట్టం మీద అలను ఊపిరి లేపుతోంది. చెరువులో నీటిమట్టం వేరు, గాలికి లేచే అల వేరు అన్నట్టు. నెమ్మది ఊపిరితో అంకె 40 నుంచి 75కి వెళ్లిందంటే చెరువు నిండిందని కాదు. అందుకే నెమ్మది ఊపిరితో తీసిన అంకెను నిన్నటి మామూలు ఊపిరి అంకె పక్కన పెట్టి పోల్చకూడదు.

ఆసుపత్రుల్లో చేసే లోతైన ఊపిరి పరీక్ష కూడా ఇలాంటిదే. అయిదు సెకన్లు పీల్చి అయిదు సెకన్లు వదులుతూ నిమిషంలో ఆరు ఊపిరులు తీయిస్తూ ఈసీజీ తీస్తారు. ఒక ఊపిరిలో అతి చిన్న ఎడం 720 మిల్లీసెకన్లు, అతి పెద్దది 920 అనుకుందాం. 60,000ను వాటితో భాగిస్తే 83, 65 వస్తాయి, తేడా 18. ఆరు ఊపిరుల తేడాల సగటు 15 లేదా అంతకు మించి ఉంటే సాధారణం, 11 నుంచి 14 మధ్య సరిహద్దు, 10 లేదా అంతకు తక్కువ అసాధారణం అని ఎవింగ్ కొలమానం. వయసు పెరిగితే ఈ తేడా సహజంగానే తగ్గుతుంది కనుక ఇంట్లో 9 వచ్చిందని మీకు మీరే రోగం కట్టబెట్టుకోకండి. షుగరు ఉండి 9 వస్తే మాత్రం డాక్టరుతో ఆ మాట చెప్పండి.

యాప్‌లు తప్పుదోవ పట్టించే చోట్లు

కొన్ని యాప్‌లు ఊగిసలాటను దాని వేగాన్ని బట్టి రెండు పట్టీలుగా విడగొట్టి చూపిస్తాయి. 0.15 నుంచి 0.4 హెర్ట్జ్ మధ్య ఉన్నది ఊపిరి పట్టీ, దానికి కిందిది నెమ్మది పట్టీ. 0.15 హెర్ట్జ్ అంటే నిమిషానికి తొమ్మిది ఊపిరులు. మీరు ఆరుకు దించగానే మీ ఊపిరి అల మొత్తం కింది పట్టీలోకి జారిపోతుంది. కింది పట్టీకీ ఊపిరి పట్టీకీ ఉన్న నిష్పత్తిని చూసి యాప్ ఒత్తిడి పెరిగిందని ఎర్రరంగులో చూపిస్తుంది. ప్రశాంతంగా కూర్చున్న మనిషికి ఆ ఎర్రరంగు ఎంత కలవరమో చెప్పనక్కర్లేదు. నెమ్మది ఊపిరి తీసేటప్పుడు ఆ నిష్పత్తిని చూడనే వద్దు.

అంకె పెద్దదైతే మంచిదనే నమ్మకం ఇంకొకటి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిలో దెబ్బలు ఒక క్రమం లేకుండా పడతాయి, హెచ్‌ఆర్‌వీ అంకె చాలా పెద్దదిగా వస్తుంది. అది జబ్బు. మంచి ఊగిసలాట ఊపిరితో కలిసి నడుస్తుంది. ఊపిరితో సంబంధం లేకుండా దెబ్బలు తడబడుతుంటే ఈసీజీ తీయించుకోండి.

ఎవరు ఆగాలి, ఏమి రాసుకోవాలి

స్పృహ తప్పిన అనుభవం ఉన్నవారు, ఛాతీనొప్పి, ఆయాసం ఉన్నవారు, పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇవి మొదలుపెట్టవద్దు. గర్భం సగం నెలలు దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి రక్తం తిరిగి రావడం తగ్గుతుంది, ఎడమవైపు తిరిగి పడుకుని కొలవాలి. ఊపిరి మీద ధ్యాస పెడితే గాభరా పెరిగేవారు కొందరు ఉంటారు, వారిని బలవంతపెట్టవద్దు. గుండె వేగాన్ని తగ్గించే బీటాబ్లాకర్లు, రక్తపోటు మాత్రలు, ప్రొస్టేటుకు ఇచ్చే కొన్ని మందులు అంకెలను, నిలబడినప్పటి పోటును మారుస్తాయి. అంకె కోసం మందు మానేయడం ప్రమాదం.

నోటుపుస్తకంలో ఒక వరుస ఇలా ఉంటే చాలు: మంగళవారం, 6.10, కుర్చీ, పాదాలు నేలమీద, ఊపిరి 6, నాడి 68, ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 57, అల ఎత్తు 14, రాత్రి నిద్ర అయిదు గంటలే. భంగిమ, ఊపిరి రాయని వరుసను కొట్టేయండి. రెండు వారాలయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్లే పని ఉంటే పడుకుని, నిలబడి తీసిన అంకెలను ఒక కాగితం మీద పక్కపక్కన ఎత్తి రాయండి. దాని వెనక మీరు వాడుతున్న మందుల పేర్లు, ఒక్కోటి ఏ వేళకు వేసుకుంటున్నారో రాసి వెంట తీసుకెళ్లండి.